కంటి వైద్యశాల ఆవర్జా

గుంటూరు ప్రత్తి వర్తకుల కొట్లలో పూర్వము రెండు విధములైన పుస్తకములుండెడివి. ఒకటి చిట్టా, రెండవది ఆవర్జా. నాటి బేరములన్నియు వచ్చిన వరుసలో చిట్టాకెక్కును. ప్రొద్దుగ్రుంకిన పిమ్మట గుమాస్తా దీపము ముందు కూర్చుండి, ఆ పద్దులను ఒక్కొక్క రైతు పేర, ఒక్కొక్క వర్తకుని పేర విడదీసి ఆవర్జాలో వ్రాయును. చిట్టా చూచినచో నాడు కొట్టులో ఏమి జరిగెనో తెలియును. ఆవర్జా చూచినచో ఒక మనుష్యునికిని కొట్టునకును నడుమ ఇన్నియేండ్లుగా ఏమి జరిగెనో తెలియును. చిట్టా మాత్రము వ్రాసి ఆవర్జా వ్రాయని కొట్టు మూడేండ్లు నిలిచినట్లు నేనెరుగను.

నేడు నేను చెప్పబూనినది వర్తకమును గూర్చి కాదు. ఆసుపత్రులను గూర్చి, అందును కంటి ఆసుపత్రులను గూర్చి. వైద్యశాలలు బహుకాలము చిట్టాతోడనే కాలము గడపినవి. రోగి పేర ఒక ఆవర్జా తెరచి, వాడు బ్రతికియున్నంతకాలము దానిని మూయకుండ నడుపుట ఇటీవలి మాట. ఆ మార్పు ఎట్లు వచ్చెనో, వచ్చిన పిదప ఏమి తేలెనో వినుడు.

సుశ్రుతసంహిత ఉత్తరతంత్రమున లింగనాశమునకు శస్త్రచికిత్స చెప్పబడియున్నది. కంటిలో తెల్లబడిన కటకమును శలాకతో చూపు త్రోవనుండి తొలగద్రోయుట దాని సారము. రోగి ఎట్లు పరుండవలెనో, ఎన్ని దినములు కట్టు నుంచవలెనో, ఏమి తినరాదో కూడ ఆ గ్రంథమున గలదు. కాలక్రమమున ఆ విద్య శాస్త్రము చేయి విడిచి, ఊరూర తిరుగు సూదివైద్యుల చేతికి జిక్కెను. అట్టివాడు ఊరికి వచ్చి, అరుగుమీద ముసలివానిని కూర్చుండబెట్టి, సూదితో శుక్లమును లోనికి క్రుంగద్రోసి, వ్రేళ్లు చూపి ‘ఎన్ని?’ యని యడుగును. ‘రెండు’ అని ముసలివాడు చెప్పగనే చూచువారు చేతులు జోడింతురు. వైద్యుడు రొక్కము పుచ్చుకొని మరునాటికి పొరుగూరు చేరును. వారము దినములకో పక్షమునకో ఆ కన్ను ఎర్రబారి, చీముపట్టి, శాశ్వతముగ ఆరిపోవుట కలదు. అది చూచుటకు వైద్యుడు ఊరిలో లేడు.

వాడు మోసగాడని అనరాదు. తాను చూచినంతవరకు వానికి అన్నియు జయములే. వానికి లేనిది నేర్పు కాదు, పుస్తకము.

1819లో చెన్నపట్టణమున కంటి వైద్యశాల యొకటి స్థాపింపబడెను. లండనులోని మూర్‌ఫీల్డ్సు ఆసుపత్రి తరువాత లోకమున మిగుల ప్రాచీనమైన కంటి ఆసుపత్రులలో నొకటిగ దానిని చెప్పుదురు. అది నేడును ఎగ్మూరులో నున్నది. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడువరకు గుంటూరు సీమ చెన్నరాజధానిలోనిదే కనుక అది మన ఆసుపత్రియు నగును. 20వ శతాబ్ది ఆరంభమున దానికి రాబర్టు హెన్రీ ఎలియటు అను వైద్యుడు అధికారియై యుండెను. సూదివైద్యము వలన చెడిన కన్నులు ఆయన గుమ్మమునకు వచ్చుచుండెను. ఇతరులు వానిని చూచి విచారించి ఊరకుందురు. ఎలియటు వానిని ఒక్కొక్కటిగ వ్రాయించి, ఏడువందలకు పైబడిన కన్నుల లెక్క తేల్చి, 1917లో ఒక గ్రంథమును ప్రకటించెను. ఆ లెక్కలో చూపు నిలిచినవి ఇంచుమించు నూటికి పది పదకొండు. ఊరూర చేతులు జోడించిన జనుల సాక్ష్యమునకును ఈ పుస్తకపు సాక్ష్యమునకును ఎంత దూరమో చూడుడు.

అయినను న్యాయమునకు ఒక మాట చెప్పవలయును. చూపు నిలిచినవాడు చెన్నపట్టణము పోయి ఆసుపత్రి గడప త్రొక్కుట యెందులకు? కన్ను చెడినవాడే పోవును. ఆసుపత్రి పుస్తకము తన యొద్దకు వచ్చినవానినే యెరుగును. రానివానిని అది ఎరుగదు. కావున ఆ పది పదకొండు అను సంఖ్యను ఊళ్లకన్నిటికిని చెల్లు సంఖ్యగ గొనరాదు. ఈ చిక్కును మీరు గుర్తుంచుకొనవలెను. ముందు దీనితో పని గలదు.

మన గుంటూరునందే ఇట్టి లెక్కలకు వేరొక ఆరంభము గలదు. 1883లో అమెరికానుండి లూథరను మిషను పక్షమున అన్నా సారా కుగ్లరు అను వైద్యురాలు ఇచ్చటికి వచ్చెను. ఆమెను తొలుత పంపినది వైద్యమునకు కాదు, స్త్రీలకు చదువు చెప్పుటకు. ఐనను రోగులు ఆమెను విడువలేదు. మొదటి యేట 185 మందిని వారి యిండ్లకు పోయియు, 276 మందిని తన నివాసమునందును చూచినట్లు లెక్క గలదు. మందుల పెట్టె తప్ప వేరేమియు లేని కాలమున, ఎండలో ఇల్లిల్లు తిరిగి వచ్చిన యామె సాయంకాలము కూర్చుండి ఆ సంఖ్యలు వ్రాసినందుననే నూటనలుబదియేండ్ల పిదప మనము వానిని చెప్పుకొనగలుగుచున్నాము. 1898లో ఆమె ఆసుపత్రి తెరువబడెను. ఆమె 1930లో గుంటూరునందే కన్నుమూసెను. ఆసుపత్రికి ఆమె పేరే నిలిచినది.

అయినను అవి చిట్టా లెక్కలు. ఎందరు వచ్చిరో చెప్పును; వచ్చిన యొక్కొక్కరు ఏమైరో చెప్పదు. ఈ లోపము గుంటూరుది మాత్రమే కాదు. ఫ్లారెన్సు నైటింగేలు 1863 నాటి తన ఆసుపత్రుల గ్రంథమున, ఒకదానితో నొకటి పోల్చుటకు పనికివచ్చు పుస్తకములు దాదాపు ఏ యాసుపత్రిలోను దొరకలేదని మొరపెట్టుకొనెను.

చిట్టానుండి ఆవర్జాకు త్రోవ చూపినవాడు హెన్రీ ప్లమ్మరు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రమున రోచెస్టరు పట్టణములోని మేయో వైద్యశాలలో ఆయన పనిచేసెను. అచ్చట వైద్యుడొక్కొక్కనికి ఒక పెద్ద పుస్తకముండెడిది. ఒకే రోగి ముగ్గురు వైద్యులను చూచినచో వాని కథ మూడు పుస్తకములలో మూడు ముక్కలై పడియుండును. ప్లమ్మరు 1907లో ఈ పద్ధతిని మాన్పి, ప్రతి రోగికి ఒక సంఖ్య నిచ్చి, వాని కాగితములన్నియు ఆ సంఖ్య వేసిన ఒకే కట్టలో చేర్చునట్లు ఏర్పాటుచేసెను. మన గ్రామ లెక్కలు చూచినవారికి దీనిని వేరుగ వివరింపనక్కరలేదు. అడంగలు భూమి వరుసను నడచును. 10(1) ఖాతా రైతు పేర నడచును. ఒక రైతు భూములన్నియు ఒకచోట చూడవలెనన్న అడంగలు పుటలు త్రిప్పుచు కూర్చున్న తెల్లవారును.

సంఖ్య యెందులకు, పేరు చాలదా యని యడుగవచ్చును. మా ఊరిలో కోటప్పకొండ స్వామి దయవలన కోటేశ్వరరావులు పదునొకండుగురు కలరు. అందులో ముగ్గురికి ఇంటిపేరును ఒక్కటే. నేను బడిలో హాజరు పిలిచినప్పుడు ఇద్దరు ముగ్గురు ఒక్కసారి ‘అయ్యా’ యనెడివారు. బడిలో అది నవ్వులాట. ఆసుపత్రిలో ఒక కోటేశ్వరరావు కంటి యొత్తిడి లెక్క వేరొక కోటేశ్వరరావు కాగితమున పడినచో నవ్వులాట కాదు. పైగా గుమాస్తా ఒకసారి ‘కోటేశ్వర’ అని, మరొకసారి ‘కోటయ్య’ అని వ్రాసినచో ఒక్క మనిషి యిద్దరగును. ఇద్దరు ఒకరగుటకంటె ఒకడు ఇద్దరగుటయే పుస్తకములలో తరచుగ జరుగును.

ఇక మన దేశమునకు వత్తము. కృష్ణాజిల్లా చోడవరమున జనించిన గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు గుంటూరు వైద్యకళాశాలలో చదివి, ఢిల్లీలో నేత్రవైద్యము నేర్చి, అమెరికాలో పండ్రెండేండ్లపాటు పనిచేసి, 1986లో స్వదేశమునకు మరలిరి. చలనచిత్ర దర్శకులు ఎల్. వి. ప్రసాదుగారు భూమియు ధనమును ఇయ్యగా, హైదరాబాదున ఆయన పేర నేత్రవైద్య విజ్ఞానసంస్థ 1987లో పని మొదలిడెను. ఆ సంస్థ కట్టిన మేడలను గూర్చి చెప్పువారు పెక్కురు గలరు. నాకు ముచ్చటైనది దాని పుస్తకములు.

అందు ఒక ఉదాహరణము కోతలు కోయు మనవారికి ముఖ్యమైనది. కంటి నల్లగ్రుడ్డు పైపొరకు పుండుపడి, మానిన పిదప తెల్లని పువ్వు మిగులుట మీరెల్లరు చూచినదే. ఆ పుండ్లు కొన్ని సూక్ష్మక్రిముల వలన, కొన్ని బూజుజాతి శిలీంధ్రముల వలన కలుగును. రెంటికి మందులు వేరు. 1991 మొదలు 2000 వరకు పదియేండ్లలో ఆ సంస్థకు వచ్చిన శిలీంధ్రపు పుండ్ల కాగితములన్నియు తిరుగవేయగా 1352 తేలినవి. అందు సగమునకు మించినవారికి ముందుగ కంటికేదో దెబ్బ తగిలియున్నది. వడికిన ప్రత్తి నూలు వలె ఒక్కొక్క పోగు బలహీనమే. 1352 పోగులు పేనినచో త్రాడగును. వరిదుబ్బు గాని, ఆకుగాని, గడ్డిపరక గాని కంట గ్రుచ్చుకొని పుండుపడినవానికి శిలీంధ్రమును శంకింపవలెననియు, పుండును గీచి మైక్రోస్కోపులో చూడక చుక్కలమందు వేయరాదనియు వైద్యులు పట్టుదలగ చెప్పుటకు ఇట్టి లెక్కలే బలము. అంగడిలో దొరకు వాపు తగ్గించు స్టిరాయిడు చుక్కలు శిలీంధ్రపు పుండునకు ఆజ్యము పోసినట్లగును. మొదటి రెండు దినములు ఎరుపు తగ్గినట్లు కనబడి పిదప కన్నే పోవును.

ఇంతవరకు వచ్చినవారి లెక్క. రానివారి మాట ఏమి? ఎలియటునాటి ఆ చిక్కు ఇక్కడ మరల ఎదురగును. దానిని విప్పుటకు ఆసుపత్రి గడప దాటి పోవలసినదే. 1996 మొదలు 2000 వరకు ఆ సంస్థవారు హైదరాబాదు నగరమునందును, ఆదిలాబాదు, పశ్చిమగోదావరి, మహబూబునగరము జిల్లాల పల్లెలయందును ముందుగ ఏరిన చోట్లకు పోయి, జబ్బు ఉన్నవారిని లేనివారిని అను భేదము లేక 10,293 మంది కన్నులు పరీక్షించిరి. ఆంధ్రప్రదేశ నేత్రవ్యాధి పరిశీలనమని దానికి పేరు. నూటికి 1.84 మంది అంధులని తేలెను.

నన్ను మిగుల కలతపెట్టినది వేరొక సంఖ్య. నగర భాగమున నీటికాసుల వ్యాధి, అందును మెల్లగ ప్రాకు తెగది, 27 మందికి స్పష్టముగ నుండెను. వారిలో ఆ సంగతి ముందుగ తెలిసియున్నవారు ఇద్దరు. మిగిలిన ఇరువదియైదుగురును తమ కన్నులు బాగున్నవనియే తలచుచుండిరి. సగముమందికి అప్పటికే నష్టము తీవ్రముగ నున్నది. ఇది పల్లె కాదు, వైద్యులు వీధివీధినగల రాజధాని.

ఈ తెగ నీటికాసుల గుణమే యట్టిది. నొప్పి లేదు, ఎరుపు లేదు. కంటినుండి మెదడునకు పోవు నరము మెల్లగ చచ్చును. చూపు అంచులనుండి హరించుకొనిపోవును. నడుమ చూపు కడవరకు నిలుచును గనుక చదువుకొనువాడు చదువుకొనుచునే యుండును. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నదానిని కాపాడుటయే వైద్యము. కంటి యొత్తిడి ఒక్కనాడు కొలిచి నిర్ణయింతమన్న, ఆ 27 మందిలో మూడింట రెండుపాళ్లవారికి కొలిచిననాడు ఒత్తిడి సామాన్యమైన హద్దులోనే యుండెను. మరి దేనితో నిర్ణయింపవలెను? నరము రూపమును, చూపు వ్యాపించు మేరను నేడు చూచి, నిరుటిదానితో, మునుపటేటిదానితో పోల్చి. ఈ వ్యాధియందు నేటి పరీక్ష సగము వాక్యము. పాత కాగితము మిగిలిన సగము.

ఇది నేను గ్రంథములు చూచి చెప్పుట కాదు. ఉద్యోగమున నుండగా ఒక పట్టణమున ఒక కంటి ఆసుపత్రిలో నాకు నీటికాసుల అనుమానమున్నదని పరీక్షలు చేసి, కాగితములు తమయొద్దనే యుంచుకొని, ఏడాదికొకసారి రమ్మనిరి. నేను నాలుగేండ్లు పోయి, కన్ను బాగున్నదిగదా యని మానితిని. అది నా తప్పు. ఆరేండ్లకు మరల పోగా నా కాగితములు లేవు. పాతవి చిత్తుకాగితములవానికి తూచి యిచ్చితిమని అచ్చటి గుమాస్తా నిదానముగ చెప్పెను. వైద్యుడు మంచివాడు. పరీక్షించి, ‘మాస్టారూ, మీ ఎడమకంట చూపు మేర తగ్గియున్నది. ఇది ఇరువదియేండ్లలో తగ్గినదో, రెండేండ్లలో తగ్గినదో నేను చెప్పజాలను. రెండేండ్లలోనైనచో రేపే శస్త్రము చేయవలయును. ఇరువదియేండ్లలోనైనచో చుక్కలమందు చాలును’ అనెను. నేడు మొదటి దినముగ నెంచి, ఆరేసి నెలలకు కొలిచి చూడవలసివచ్చెను. ఆ కొలతలు చేరువరకు గడచిన యేడాదియు నేను ప్రతి ఉదయము ఒక కన్ను మూసి గోడమీది పంచాంగపు అంచులు వెదకుచుంటిని. తూచి యిచ్చిన ఆ కాగితములు గుండమ్మ బజ్జీల పొట్లములైయుండును.

కాగితమునకు చెదలు, తేమ, చోటులేమి అను ముగ్గురు శత్రువులు. పైగా అది ఒక్కచోటనే యుండును. రోగి రెండుచోట్లకు పోవును. కావుననే పైన చెప్పిన నేత్రసంస్థవారు 2010 మొదలు ఐస్మార్టు అను పేర తమ కొరకు తామే కట్టుకొన్న కంప్యూటరు ఆవర్జాను నడపుచున్నారు. రోగికొక సంఖ్య. పేరు, ఊరు, వయస్సు, చెప్పిన బాధ, కన్నొక్కొక్కదాని చూపు, ఒత్తిడి, వ్యాధి పేరు, ఇచ్చిన మందు, చేసిన శస్త్రము, తీసిన పటము అన్నియు ఆ సంఖ్య క్రింద చేరును. 2010 ఆగస్టు మొదలు 2018 ఆగస్టు వరకు ఎనిమిదేండ్లలో 22,70,584 మంది రోగులవి 47,30,221 పరీక్షలు దానిలో చేరినట్లు వారు ప్రకటించిరి. పల్లెలలోని చిన్న దృష్టికేంద్రములు, వానిపై మన నీరుకొండ వంటి చోట్లగల ఆసుపత్రులు, వానిపై నగరములలోని పెద్ద ఆసుపత్రులు అను వరుసలో ఆ సంస్థ యున్నది. ఒకచోట వ్రాసినది మరొకచోట కనబడును. పల్లెలో శిక్షణపొందిన యువకుడో యువతియో కన్ను చూచి వ్రాసినదానిని దూరమున గల వైద్యుడు చూచి మాట చెప్పవచ్చును.

వ్రాయుటయందు ఇచ్చటొక మెలకువ గలదు. వైద్యుడు తనకు తోచిన మాటలలో ‘కొంచెము ఎర్రగానున్నది’ అని వ్రాసినచో మనుష్యుడు చదువుకొనగలడుగాని లెక్క తేలదు. అందరును ఒకే వ్యాధికి ఒకే పేరు వ్రాయవలెను. ఇది కోశము కట్టువారి శ్రమవంటిది: అమరము కంఠస్థము చేసిన మాకు పర్యాయపదములు సొంపు, లెక్కకట్టువానికి అవి శత్రువులు. మరి వైద్యుడు ఆ నిర్ణీతపదములను ఏరుచు తెరవంకనే చూచుచుండినచో రోగి మొగము చూచువాడెవ్వడు? ఈ ఫిర్యాదు దేశదేశములందును గలదు. అందులో సత్యమును గలదు. నాడి పట్టిన చేతితో వ్రాత సాగదు. ప్రక్కన వేరొకరిని కూర్చుండబెట్టి వ్రాయించు ఏర్పాటు కొంత మేలు.

తప్పు వ్రాతయొక్క ఆయువును పెరిగినది. కుడికన్నుకు ఎడమకన్నని కాగితమున వ్రాసినచో ఆ కాగితముతో పోయెడిది. కంప్యూటరున అది పది ఊళ్లకు ప్రాకును. అందుచేత వ్రాసినదానిని చెరపక, ఎవరు, ఎప్పుడు దిద్దిరో తెలియునట్లు దిద్దు పద్ధతి యుండవలయును. కరణముల కాలమున ‘కొట్టివేసి వ్రాసిన’ అంకెలపై ఎన్ని వ్యాజ్యములు నడచెనో మీరు ఎరుగుదురు. 1984లో కరణీకములు రద్దైనవిగాని ఆ తగవులు కొన్ని నేటికిని తెగలేదు.

ఒకరి రోగము పదుగురికి తెలియుట మరొక భయము. పెండ్లికెదిగిన పిల్ల కంటిరోగము ఊరికి తెలియవలెనా? 2021 సెప్టెంబరు 27న దేశమంతటికిని ప్రారంభింపబడిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషనులో 14 అంకెల ఆభా సంఖ్య నిచ్చుచున్నారు. అది ఇచ్ఛాధీనము, ఏ యాసుపత్రి కాగితము మరి యే యాసుపత్రికి చూపవలెనన్నను రోగి యంగీకారము కావలెనని నియమము. వ్యక్తిగత సమాచార రక్షణకై 2023లో పార్లమెంటు చట్టమును చేసినది. నియమము మంచిదే. కాని చదువురాని ముసలమ్మ చేతి ఫోనుకు వచ్చిన అంకెలను మనుమడు చదివి చెప్పుటయే ఆమె అంగీకారమగుచున్నదని నేను చూచుచున్నాను. ఆ మనుమడికి, ఏమి అడుగుచున్నారో అవ్వకు ముందు చెప్పుమని బోధించుట మన పెద్దల పని.

నా సంగతి చెప్పి విరమింతును. ఈనడుమ ఆరేసి నెలల కొలతలు తొమ్మిది చేరినవి. మొన్న వైద్యురాలు తెరమీద ఆ తొమ్మిది పటములను ఒకదాని ప్రక్క నొకటి పేర్చి, కుర్చీ నావైపు త్రిప్పి చూపెను. ఒక్కొక్క పటమున నల్లబడినచోట నాకు చూపులేదు. ఎడమకంట పైభాగమున, చింతాకంత నలుపు. మొదటిదానిలోను అంతే, తొమ్మిదవదానిలోను అంతే. ‘నాలుగేండ్లుగా కదలలేదు తాతగారూ’ అనెను. చుక్కలమందు అదే వాడుమనెను. మరల మాఘమాసమున పోవలెను.